అరకు ఘాట్‌లో మలుపుల మీద పార్కింగా?

శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్‌ రోడ్డులో మలుపుల దగ్గరే బండ్లు ఆపేయడం ప్రాణాల మీదికి తెస్తోంది. కొండ పొలాల్లో పసుపు రంగులో విరిసే వలిసె పూలు చూడటానికి జనం వచ్చే రోజులొస్తే మరీ దారుణం. మొన్న ఆదివారం పొద్దున డముకు వ్యూ పాయింట్‌ దాటాక, పొగమంచులో పది అడుగుల ముందు ఏముందో కనిపించని చోట, లోయ వైపు మూడు కార్లు వరసగా ఆగి ఉన్నాయి. ఒక్కదానికీ పార్కింగ్‌ లైట్లు లేవు, అందరూ ఫొటోల్లో మునిగిపోయారు. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఎత్తులో ఆపిన బండి వెనక్కి జారకుండా చక్రం కింద రాయి పెడతారు, వెళ్లేటప్పుడు మాత్రం దాన్ని రోడ్డు మీదే వదిలేస్తారు. అలాంటి రాయి తగిలి నా ముందే ఒక బైకు పడింది, అదృష్టం కొద్దీ కొండ వైపు. దిగువకు వచ్చేవాళ్లయితే న్యూట్రల్‌లో వదిలేసి, బ్రేకు లైనర్లు మాడిన వాసన వచ్చేదాకా బ్రేకులే తొక్కుతున్నారు. ఇరుకు చోట ఎక్కే బండికి దారివ్వాలన్న నిబంధన ఎవరికీ గుర్తుండదు. డముకు, గాలికొండ వ్యూ పాయింట్ల దగ్గర రోడ్డు పక్కన చదును చేసి పార్కింగ్‌ కేటాయించాలి, బొంగు చికెన్‌ అమ్ముకునే గిరిజనులకూ అక్కడే చోటివ్వాలి. మలుపుల్లో కుంభాకార అద్దాలు, 'తక్కువ గేరులో దిగండి' అన్న బోర్డులు పెట్టి, సీజన్‌ శని, ఆదివారాల్లో గస్తీ తిప్పి జరిమానా వేయాలి.

– ఒక పాఠకుడు, శృంగవరపుకోట