పైపు గ్యాస్ ఇచ్చేటప్పుడు జెట్లకు డ్రిల్లు పెట్టడం ఆపాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్, విజయవాడ, కాకినాడ వంటి నగరాల్లో ఇళ్లకు పైపు గ్యాస్ వస్తోంది. సిలిండర్ కోసం ఎదురుచూసే పని తప్పినందుకు సంతోషమే. కానీ కనెక్షన్ ఇచ్చే రోజు మన స్టవ్‌కు జరిగే మార్పుపై ఎవరి అజమాయిషీ ఉన్నట్లు కనిపించదు. మా ఇంటికి వచ్చిన మెకానిక్ పాత జెట్లు (బర్నర్‌లోకి గ్యాస్‌ను వదిలే సన్నని రంధ్రమున్న చిన్న ముక్కలు) విప్పి, చేతి డ్రిల్లుతో రంధ్రాలు పెద్దవి చేసి, మంట వెలిగించి చూపి వెళ్లిపోయాడు. ఇప్పుడు పెద్ద బర్నర్ మంట కొసలు పసుపు పచ్చగా లేచి గిన్నెల అడుగున మసి పడుతోంది. చిన్న బర్నర్‌ను సిమ్‌లో పెడితే కిటికీ గాలికే ఆరిపోతోంది. ఆరిన సంగతి గమనించకపోతే గ్యాస్ వస్తూనే ఉంటుంది.

సిలిండర్ గ్యాస్ స్టవ్‌కు సుమారు 30 మిల్లీబార్ల ఒత్తిడితో అందుతుంది, పైపు గ్యాస్ 21 మిల్లీబార్లతోనే. పైగా పైపులో వచ్చేది ప్రధానంగా మీథేన్ కాబట్టి, అంతే వేడి రావాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల పరిమాణంలో గ్యాస్ కావాలి, అందుకే జెట్ రంధ్రం పెద్దదిగా ఉండాలి. జెట్‌లోంచి దూసుకొచ్చే గ్యాసే తన వేగంతో చుట్టూ ఉన్న గాలిని మిక్సింగ్ ట్యూబులోకి, అంటే గ్యాస్, గాలి కలిసే గొట్టంలోకి లాక్కుంటుంది. రంధ్రం కాస్త పక్కకు పోయినా, అంచు గరుకుగా ఉన్నా ఆ ధార ట్యూబు గోడకు తగిలి వేగం కోల్పోతుంది, గాలి చాలదు, మంట పచ్చబడుతుంది. ఇక బర్నర్ చిల్లుల్లోంచి మిశ్రమం వచ్చే వేగం, మంట మండే వేగం ఒకదానికొకటి సరిపడకపోతే మంట చిల్లుల మీద నిలవదు. అందుకే చిల్లుల కొలతలు, ట్యూబు పొడవు, జెట్ కలిపి ఒకే లెక్కలో తయారుచేస్తారు. అందులో ఒక్క జెట్‌ను, అదీ కంటి అంచనాతో మార్చడం మరమ్మతు అనిపించుకోదు.

పైపు గ్యాస్ స్టవ్‌లకు భారతీయ ప్రమాణాల సంస్థ 2019లోనే విడిగా ప్రమాణం తెచ్చింది. డెహ్రాడూన్‌లోని పెట్రోలియం పరిశోధనా సంస్థ 55 శాతం సామర్థ్యంతో పైపు గ్యాస్ బర్నర్‌ను రూపొందించింది కూడా. అయినా ఇంటింటా డ్రిల్లే నడుస్తోంది.

పంపిణీ సంస్థలు కొలత ప్రకారం తయారైన జెట్లనో, పైపు గ్యాస్ బర్నర్లనో ఇచ్చి, సిమ్‌లోనూ పూర్తి మంటలోనూ గిన్నె పెట్టి పరీక్షించాకే సంతకం తీసుకునేలా పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి ఆదేశించాలి. మార్చిన ప్రతి స్టవ్‌పై ఆ సంగతి తెలిపే స్టిక్కర్ అంటించాలి. అద్దె ఇల్లు మారినవారు అదే స్టవ్‌ను తెలియక మళ్లీ సిలిండర్‌కు తగిలిస్తే, పెద్ద రంధ్రంలోంచి వచ్చే గ్యాస్‌కు మంట గిన్నెను దాటి పైకెగుస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హైదరాబాద్