దీవులకు ప్లంబర్లను పంపండి

సంపాదకులకు నమస్కారం.

సముద్ర దీవుల్లో రెండు వారాలు సేవ చేయండి, సర్టిఫికెట్ పొందండి, ఖర్చులు మాత్రం మీవే. చెన్నైలో ఇలాంటి ప్రకటనలు ఈ మధ్య వాట్సాప్‌లో బాగా తిరుగుతున్నాయి. మా పెరంబూరులో తెలుగు కుటుంబాల పిల్లలు "ఆంటీ, మీరు వెళ్లొచ్చారు కదా, మమ్మల్నీ వెళ్లమంటారా?" అని అడుగుతున్నారు. నాకు తెలిసింది పదిమందికీ చెప్పాలని రాస్తున్నాను.

నేను తాగునీటి పనుల్లో జూనియర్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. తర్వాత ఒక సంస్థ తరఫున కిరిబాటిలో వాన నీటి ట్యాంకుల పనికి వాలంటీరుగా వెళ్లాను. 1979లో స్వాతంత్ర్యం వచ్చిన 33 పసిఫిక్ దీవుల దేశమది. ఫిజీలో విమానం మారి రాజధాని ఉన్న టరావా దీవికి చేరాలి. అక్కడి నుంచి అబయాంగ్ దీవికి పడవ. చాలా చోట్ల నేల సముద్రానికి రెండు మూడు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఏరు లేదు, కొండ లేదు. ఇసుకలో ఇంకిన వాన, కింది ఉప్పు నీటి మీద పలచని పొరగా నిలుస్తుంది, మజ్జిగ మీద తేరిన నీళ్లలా. మోటారు పెట్టి గట్టిగా తోడితే ఉప్పు పైకొస్తుంది. చెన్నై పక్కనున్న మన మీంజూరులో బోర్లతో అతిగా తోడేసి సముద్రాన్ని భూమిలోకి పిలిచినట్టే. మీంజూరుకైతే మరోచోటి నుంచి నీళ్లు తేవచ్చు. అక్కడ ఆ మరోచోటే లేదు.

పల్లెల్లో చాలా ఇళ్లకు మొగలి జాతి ఆకుల కప్పు. నీళ్లు పట్టాలంటే రేకులున్న చర్చి, బడి, ఊరి సమావేశ మందిరమే దిక్కు. మేం వెళ్లిన ఊళ్లో బడి పక్కన అంతకుముందు వాలంటీర్లు పెట్టిన ట్యాంకు ఒకటుంది. దాతల బోర్డు చెక్కుచెదరలేదు. కుళాయి కారి కారి ట్యాంకు ఎండిపోయింది. ఆ సైజు వాషరు దీవిలో దొరకదు. రేకుల అంచు కింది గొట్టాన్ని పట్టుకున్న ఇనుప క్లాంపులు ఉప్పుగాలికి తుప్పెక్కి, వేలితో నొక్కితే పెచ్చులుగా ఊడొచ్చాయి. పెట్టినవాళ్లది మంచి మనసే, సందేహం లేదు. అందుకే ఇంకా బాధ.

టరావా షాపుల్లో దొరికే సైజుకే కుళాయి మార్చాం. క్లాంపుల బదులు వాళ్ల పడవలకు కట్టే నైలాన్ తాడు వాడాం. తొలి వానలో రేకుల మీది దుమ్ము, పిట్టల రెట్ట కొట్టుకొస్తాయి కాబట్టి ఆ నీటిని పక్కకు వదిలే పైపు పెట్టి, దాని మూత తీసి కడగడం నేర్పాం. ఊళ్లో ఒకావిడ పాత సైకిల్ ట్యూబు కత్తిరించి తనే వాషరు చేసుకుంది. నేను చేసిన దానికంటే బాగా కూర్చుంది.

అయితే ట్యాంకు ఎవరిది, తాళం ఎవరి దగ్గరుండాలి, వానల్లేనప్పుడు ఇంటికి ఎన్ని బిందెలు? పెద్దల ఎదుట చాపల మీద కూర్చుని ఇవి తేల్చుకోవడానికే వారాలు పట్టింది. రెండు వారాలకని వచ్చినవాళ్లు ఈ మాటలు తెగకముందే తిరుగు విమానం ఎక్కేస్తారు.

2004 సునామీ తర్వాత నాగపట్నం రోడ్ల పక్కన సాయంగా వచ్చినా ఎవరూ ముట్టని పాత బట్టల గుట్టలు మనమూ చూశాం. పిల్లలకు నేను చెప్పేది ఇదే. కనీసం ఆర్నెల్లు ఉండగలిగితేనే వెళ్లండి. డబ్బు కట్టే ముందు అడగండి: ఈ పని ఊరివాళ్లు కోరారా? మేం వచ్చేశాక పాడైతే బాగుచేసేదెవరు, సామాను ఎక్కడ దొరుకుతుంది? జవాబు రాకపోతే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

నేను చూసిన ప్రకటనలన్నీ డిగ్రీ అడుగుతున్నాయి, చేతిపని అడగడం లేదు. 2003లో వాన నీటి సేకరణను ఇంటింటికీ తప్పనిసరి చేసిన రాష్ట్రం మనది. ఆ పైపులు బిగించిన ప్లంబర్లు, మేస్త్రీలు ఇక్కడే ఉన్నారు, వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లను పంపండి. లేదా దీవుల వాళ్లనే ఇక్కడికి పిలిపించండి. కేంద్రం 1964 నుంచి ఐటెక్ పథకం కింద విదేశీయులకు శిక్షణ ఇస్తోంది. రాజస్థాన్ తిలోనియాలోని బేర్‌ఫుట్ కాలేజీ పసిఫిక్ దీవుల పల్లె ఆడవాళ్లకు కూడా సోలార్ పని నేర్పింది. నీళ్ల పనికి చెన్నైలో అలాంటి కోర్సు ఒకటి పెట్టాలని అధికారులను కోరుతున్నాను. పాఠం చెప్పడానికి జీతం లేకుండా నేను సిద్ధం.

– ఒక విశ్రాంత జూనియర్ ఇంజనీరు, పెరంబూరు, చెన్నై