ఈసారి టమాటాలు సగమే

ఈ కోతలో టమాటాలు సగమే ఇవ్వగలం. వాటిలోనూ కొన్నింటికి చిల్లులుంటాయి, ఆ మేరకు కోసి పారేస్తే మిగతాది నిక్షేపంగా వాడుకోవచ్చు. ముందే డబ్బు కట్టినవాళ్లకు తగ్గినంత వెనక్కి ఇచ్చేస్తాం. వంకాయ, బెండ మామూలే.

గొడవంతా ట్రైకో కార్డుల దగ్గర వచ్చింది. ట్రైకోగ్రామా అంటే కంటికి ఆనీ ఆననంత చిన్న కందిరీగ. టమాటాను తొలిచే శనగపచ్చ పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి, పురుగు పుట్టకముందే దాని పని పడుతుంది. ఒక్కో కార్డుకు, లోపల ఈ ఈగలు పెరుగుతున్న గుడ్లు దాదాపు 20,000 అంటించి ఉంటాయి. ఈగలు బయటికి రాకముందే వాటిని ఆకుల అడుగున కట్టాలి. మాకు వచ్చిన కవరు తెరిచి భూతద్దం పెట్టి చూస్తే, నల్లటి గుడ్లన్నింటికీ సూదిమొనంత చిల్లులు! ఈగలు దారిలోనే పుట్టి, కవరు మూలల్లో దుమ్ములా చచ్చిపడున్నాయి. చల్లగా ఉంచి పంపాల్సిన సరుకును మామూలు పార్సిల్లో పడేశారు. పంపినవాళ్లను అడిగితే, "మీరే ఆలస్యంగా తెరిచుంటారు" అన్నారు. పార్సిల్ చేతికందిన వెంటనే తెరిచాం. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

వేరే కార్డులు దొరికేలోగా పురుగు కాయల్లోకి దూరింది. లోపలికి పోయాక వేపగింజల కషాయం గానీ, ఎన్‌పీవీ (పురుగుకు రోగం తెచ్చి చంపే వైరస్) ద్రావణం గానీ దానికి అందవు. అప్పుడు పట్టుకుంది అసలు టెన్షన్. ఒక్కసారి గట్టి మందు కొట్టేయ్, ఎవరికి తెలుస్తుంది అని చుట్టూ ఉన్నవాళ్ల పోరు. రాత్రంతా కొడదామనుకోవడం, తెల్లారి చేలోకి వెళ్లి ఆకు తిప్పి చూసి ఆగిపోవడం. ఆకు కింద అక్షింతల పురుగులు, సాలీళ్లు తమ వేటలో తామున్నాయి. మందు కొడితే ముందు పోయేవి అవే. అవి పోతే తెల్లదోమకూ ఎర్రనల్లికీ అడ్డుండదు, వాటికి మళ్లీ ఇంకో మందు. పైగా మందు అంటిన ఆకుల మీద కొత్త కార్డులు కట్టినా ఈగలు బతకవు. కొట్టలేదు. ఇంట్లో తిట్లు తిన్నాను.

పుచ్చు కాయలు ఏరి లోతుగా పాతిపెడుతున్నాం. చేలో వదిలేస్తే పురుగు మట్టిలోకి దిగి ప్యూపాగా మారి, మళ్లీ రెక్కలతో వస్తుంది. మగ రెక్కపురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టల్లో ఎరలు మార్చాం. పురుగును తనవైపు లాగడానికి వరుసల మధ్య బంతి ఎలాగూ ఉంది.

చిల్లు లేని కాయే కావాలంటే ఈసారికి వేరేచోట తీసుకోండి, తప్పుపట్టను. (సరే, కొంచెం పడతాను.) కార్డులు ఇకపై ఐస్ పెట్టెలో పంపేవాళ్ల దగ్గరే కొంటాం. పార్సిల్ తెచ్చినవాడి ఎదుటే తెరుస్తాను, భూతద్దంతో సహా.