ఊడ్చే మనిషి లేని బడికి పిల్లలను పంపేదెలా?

సంపాదకులకు నమస్కారం.

కరోనాతో మూతపడిన బడులు 2021 సెప్టెంబరు 1న తెలంగాణ రాష్ట్రంలో తిరిగి తెరుచుకున్నాయి. ప్రత్యక్ష తరగతులకు రావాలని ఏ విద్యార్థినీ బలవంతపెట్టరాదని ముందు రోజే హైకోర్టు ఆదేశించింది, గురుకులాలు తెరవడంపై స్టే ఇచ్చింది. అప్పటి నుంచి మా ఊళ్లో నలుగురు తల్లిదండ్రులు కలిసిన చోటల్లా పిల్లలను పంపాలా, ఆపాలా అన్న చర్చే నడుస్తోంది. దేవరకొండ ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుడిగా, మూడో తరగతి చదివే అమ్మాయి తండ్రిగా నా అభిప్రాయం మొదటే చెబుతున్నాను. బడి నడవాలి. అయితే ఇష్టమున్నవారు పంపుకోవచ్చని చెప్పి ప్రభుత్వం అంతటితో ఊరుకుంటే పల్లెల్లో బడి నడవదు.

మొన్న బడి వరండాలో జరిగిన సమావేశంలో ఒక తల్లి లేచి, "మే నెలల మా మామను పోగొట్టుకున్నం. అత్తమ్మకు షుగరున్నది. పిల్లగాడు రోగం తెస్తే మాకెవరు దిక్కు?" అని అడిగింది. ఆమె పక్కనే కూర్చున్న మరో తల్లి, "పంపకుంటే మావాడు పొద్దుందాక మేకల ఎంబడి తిరుగుతుండు, అక్షరాలన్నీ మర్శిండు" అన్నది. ఇద్దరి మాటా నిజమే. రెండో వేవ్‌లో ఆసుపత్రిలో మంచం దొరకని రోజులను చూసినవారి భయాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేయడం తగదు. 2021 సెప్టెంబరు మొదటికి పద్దెనిమిదేళ్ల లోపు వారికి టీకా మొదలే కాలేదు.

అయినా పోయిన కాలాన్ని ఒకసారి లెక్కలోకి తీసుకోవాలి. 2020 మార్చిలో మూతపడిన బడులు ఈ ఏడాది ఫిబ్రవరి 1న తొమ్మిది, ఆపై తరగతులకు, అదే నెల 24న ఆరు నుంచి ఎనిమిది తరగతులకు తెరుచుకుని, మార్చి 24 నుంచి మళ్లీ మూతపడ్డాయి. ప్రాథమిక తరగతులకైతే ఆ కొద్ది రోజుల భాగ్యం కూడా దక్కలేదు. అంటే ఈ రోజు రెండో తరగతి రిజిస్టరులో పేరున్న పిల్లవాడు బడి గుమ్మం తొక్కడం ఇదే మొదలు. మా అమ్మాయి ఒకటో తరగతిలో గుణింతాల దాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు వాచకం చేతికిస్తే "బడి", "పలక" అని చదువుతుంది, "పుస్తకం" దగ్గరికి వచ్చేసరికి ఒత్తు మీద వేలుపెట్టి నా ముఖం చూస్తుంది.

దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్‌లో పాఠాలు వచ్చిన మాట వాస్తవమే. వాటిని తయారుచేసిన ఉపాధ్యాయుల శ్రమను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆరేళ్ల పిల్లకు పలక మీద చేయిపట్టి దిద్దించే మనిషి కావాలి, ఆ పని టీవీ చేయలేదు. ఇక ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ పొద్దున్నే తండ్రితో పాటు పనికి పోతుంది. అందువల్ల బలవంతం వద్దన్న హైకోర్టు మాట న్యాయమైనదే అయినా, బడి వద్దనుకుంటే ఆన్‌లైన్ ఉందని చెప్పుకునే వీలు పట్నం పిల్లలకే ఉంది. మా పిల్లలకు బడి కాకపోతే మిగిలేవి మేకలు, చేను, ఇంటి చాకిరీ.

బడులు మూసి ఉంచితే వైరస్ పిల్లల జోలికి రాదని నమ్మినవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2021 జూన్, జూలై నెలల్లో దేశవ్యాప్తంగా రక్తం పరీక్షించి జరిపిన నాలుగో సెరో సర్వేలో 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి, 10 నుంచి 17 ఏళ్ల వారిలో 61.6 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నట్టు తేలింది. బడులు చాలావరకు మూసి ఉన్న కాలంలోనే అంతమందికి వైరస్ సోకింది. మా జిల్లాలో బడులు మూసిన మరుసటి నెలలోనే నాగార్జునసాగర్ ఉప ఎన్నిక సభలు జరిగాయి, పెళ్లిళ్లూ ఆగలేదు. పెద్దలు గుంపులుగా తిరిగినంత కాలం తిరిగి, జాగ్రత్త భారమంతా పిల్లల చదువు మీద వేశాం. ఈ మాట నాకు బాధ కలిగిస్తోంది.

ఇక అసలు విషయం. మా బడిలో గదులు ఊడ్చి, మరుగుదొడ్లు కడిగి, తాగునీరు పట్టే మనిషి ఇప్పుడు లేదు. కరోనాకు ముందు నెలకు కొద్దిపాటి జీతంతో ఈ పనంతా చేసిన స్కావెంజర్లను రాష్ట్రమంతటా తొలగించి, శుభ్రత బాధ్యతను గ్రామ పంచాయతీలకు అప్పగించారు. తెరవడానికి ముందు పంచాయతీ సఫాయి కార్మికులు వచ్చి గడ్డి కోసి, బ్లీచింగ్ చల్లి వెళ్లారు. ఊరి మోరీలు, చెత్త బండి, నర్సరీ చూసుకునే ఆ ఇద్దరు ముగ్గురు ప్రతిరోజూ బడికి రావడం సాధ్యం కాదు. ఫలితంగా ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది, మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలందరూ ఒకే నల్లా దగ్గర ఒకరి మీద ఒకరు పడి పళ్లేలు కడుక్కుంటున్నారు. చేతులు కడుక్కోవాలని గోడకు అంటించిన కాగితం మాత్రం కొత్తగా ఉంది. తాత్కాలికంగా పాఠాలు చెప్పే విద్యా వాలంటీర్లను కూడా కొనసాగించకపోవడంతో ఉన్న ఇద్దరు టీచర్లే ఐదు తరగతులూ చూసుకుంటూ, పిల్లలను దూరంగా కూర్చోబెడుతూ, మాస్కులు సరిచేస్తూ గడుపుతున్నారు.

మండల కేంద్రంలోని ఒక ప్రైవేటు బడిలోనైతే, ఏం జరిగినా యాజమాన్యానికి సంబంధం లేదని రాసి ఉన్న అంగీకార పత్రం మీద తల్లిదండ్రుల సంతకాలు తీసుకుంటున్నారు. పిల్లవాడు బడి గేటు లోపల ఉన్నంతసేపు బాధ్యత బడిదే. ఆ పత్రాలను విద్యాశాఖ వెంటనే ఆపించాలి.

స్కావెంజర్లను తిరిగి నియమించడం, వాలంటీర్లను కొనసాగించడం కోట్లకు కోట్లు మింగే పనులేమీ కావు. ఎక్కడైనా కేసు బయటపడితే ఆ తరగతినో, ఆ బడినో కొద్దిరోజులు మూసి, సంగతి దాచకుండా తల్లిదండ్రులకు చెప్పే అధికారం ప్రధానోపాధ్యాయులకు, మండల విద్యాధికారికి ఉండాలి. హైదరాబాద్‌లో కేసులు పెరిగాయని మా తండాల బడులు మళ్లీ మూతపడకూడదు. దాచరని నమ్మకం కుదిరితే, భయపడి ఆపుకున్న ఆ తల్లి కూడా పంపుతుందని నేను అనుకుంటున్నాను. సమావేశంలో ఆమె అడిగింది కూడా ఎవరు దిక్కు అనే కదా.

మా కమిటీ ఈ విషయాలన్నీ తీర్మానంగా రాసి అధికారులకు పంపింది. దసరా దాటితే ఇక్కడ పత్తి ఏరడం జోరందుకుంటుంది, పెద్ద తరగతుల పిల్లలు కూలికి పోతారు, చేతికి డబ్బు అలవాటైన పిల్లలను తిరిగి బడికి తేవడం టీచర్ల వల్ల గానీ మా వల్ల గానీ అయ్యే పని కాదు. కాబట్టి ఈ నియామకాలు దసరాలోపే జరిగేలా చూడాలని జిల్లా కలెక్టరును, విద్యాశాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
దేవరకొండ, నల్లగొండ జిల్లా