తమ్ముడి కైమెరిజం రిపోర్టు గురించి

వెల్లూరు

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట పెగల్లేదు. అందుకే రాస్తున్నాను. "నా కణాలే సరిగ్గా లేవేమో నాన్నా, వచ్చేస్తాను, మళ్ళీ తీసుకోమను" అన్నావు. నీ కాలేజీ పరీక్షలు అయ్యేదాకా నువ్వు రావద్దు. ఎందుకు వద్దంటున్నానో, డాక్టరు గారు చెప్పినదంతా కలిపి రాస్తాను. నిదానంగా చదువు.

తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు, ఉన్న తమ్ముడికి మజ్జ మార్పిడిలో నువ్వు ఇచ్చిన కణాలు బాగా పట్టాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వరసగా మూడు రోజులు 500 దాటి ఉంటే కణాలు పట్టినట్టు లెక్క. తమ్ముడికి అది ఎప్పుడో అయింది. తర్వాత ప్లేట్‌లెట్లు కూడా ఎక్కించే పని లేకుండానే 20,000 దాటి నిలబడ్డాయి. నువ్వు ఇవ్వవలసింది అప్పటికే ఇచ్చేశావు తల్లీ. ఇప్పుడు చూస్తున్నది వేరే సంగతి. వాడి రక్తంలో నీ కణాల నుంచి పుట్టినవి ఎన్ని, వాడి పాత మజ్జ నుంచి వస్తున్నవి ఎన్ని అని. దాన్నే కైమెరిజం అంటున్నారు.

మీ ఇద్దరికీ హెచ్‌ఎల్‌ఏ, అంటే దాత సరిపోతారా అని చూసే జన్యువులు, పూర్తిగా మ్యాచ్ అయింది కదా, మరి ఏ కణం ఎవరిదో ఎలా తెలుస్తుందని అడిగాను. కలిసినవి ఆ కొన్ని జన్యువులేనట, మిగతా డీఎన్‌ఏలో మీరిద్దరూ వేరే మనుషులే. అందులో కొన్ని చోట్ల ఒక చిన్న ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. మార్పిడికి ముందే మీ ఇద్దరి రక్తం తీసి ఆ తేడాలు నమోదు చేసి ఉంచారు. ఇప్పుడు వాడి రక్తంలో ఆ రెండు రకాలూ ఏ పాళ్ళలో ఉన్నాయో కొలుస్తున్నారు. దీన్ని ఎస్‌టీఆర్ పరీక్ష అంటారు. నేరాల కేసుల్లో మనిషిని గుర్తుపట్టడానికి వాడేదీ ఇదే పద్ధతి. అక్క తమ్ముడికి ఇచ్చింది కాబట్టి ఎక్స్, వై క్రోమోజోములు చూసి కూడా చెప్పవచ్చట.

మొదటి నెల 97 శాతం నీవి, రెండో నెల 95, ఇప్పుడు 84. 97కీ 95కీ తేడా పట్టించుకోనక్కర్లేదు, పరీక్షలోనే ఆమాత్రం అటూ ఇటూ అవుతుంది. 84 మాత్రం నిజంగా తగ్గినట్టే, నీ దగ్గర దాచను. చిన్నప్పటి నుంచి వాడికి ఎంతమంది రక్తం ఎక్కించామో నువ్వు చూశావు. అలా ఎక్కించుకున్న పిల్లల ఒంట్లో బయటి కణాలను ఎదిరించే గుణం పెరుగుతుందట. పైగా పాత మజ్జను ఖాళీ చేయడానికి బుసల్ఫాన్ అనే మందు ఇచ్చినా పాత కణాలు కొన్ని మిగిలాయి, ఇప్పుడు అవి పెరుగుతున్నాయి. ఇందులో నీ కణాల లోపం ఏముంది?

నాకు ధైర్యం వచ్చింది ఈ తర్వాతి మాటతో. లుకేమియాలో అయితే పాత కణాలు కనబడగానే జబ్బు తిరగబెడుతోందేమోనని భయం. తలసీమియాలో అలా కాదు, నూటికి నూరు ఉండి తీరాలని లేదు. ఇటలీలో పెసారో అనే ఊళ్ళో లుకరెల్లి అనే డాక్టరు 1981 నుంచి తలసీమియా పిల్లలకు ఈ మార్పిడి చేశారు. వాళ్ళలో కొందరు రెండు రకాల కణాలతోనే ఏళ్ళ తరబడి రక్తం ఎక్కించుకోకుండా బతికారు. దాత కణాలు 30 శాతానికి దిగినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. కారణం వింటే నీకూ ఊరటగా ఉంటుంది. వాడి పాత మజ్జలో మొదలైన ఎర్రకణాలు చాలావరకు బయటికి రాకముందే మజ్జలోనే నశిస్తాయి. నీ కణాల నుంచి వచ్చినవి 120 రోజులు బతుకుతాయి. అందుకని తెల్లకణాల్లో ఇద్దరివీ కలిసి కనిపించినా, ఎర్రకణాలు దాదాపు అన్నీ నీవే అయి ఉండవచ్చు. వాడి హిమోగ్లోబిన్ 11 దగ్గర నిలబడిందంటే నీవల్లే. రక్తం గ్రూపు కూడా మెల్లగా నీ గ్రూపుకి మారుతోంది.

ఇంకొకటి. మొదటి రెండు నెలల్లోనే పాత కణాలు 25 శాతం దాటిన పిల్లల్లో మార్పిడి నిలవకపోవడం ఎక్కువని ఆ పెసారో డాక్టర్లే గమనించారు. మనవాడికి అప్పటికి ఉన్నవి 5. డాక్టరు గారు అంకె కంటే అది ఎటు పోతోందో చూడాలంటున్నారు. రెండు వారాల్లో మళ్ళీ శాంపిల్ తీస్తారు. ఈసారి తెల్లకణాల్లో ఒక రకమైన టీ కణాలు విడిగా చూస్తారు, ఎందుకంటే బయటి కణాలను తోసేసే పని చేసేవి అవే. అలా తోసేయకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ మందు రక్తంలో ఎంత ఉందో కూడా చూశారు. ఒక్క రిపోర్టు పట్టుకుని మందు మార్చరట.

నువ్వు అడిగిన దానికి కూడా జవాబు చెప్పాలి. అవసరమైతే నీ రక్తంలోంచి లింఫోసైట్లు అనే తెల్లకణాలు తీసి ఎక్కించే పద్ధతి ఉంది. కానీ అవి వాడి చర్మం మీదా, పేగుల మీదా, కాలేయం మీదా దాడి చేసే ప్రమాదం కూడా ఉంది. అందుకే తొందరపడరు. ఒకవేళ ఆ అవసరం వస్తే నిన్ను అడుగుతారు. అప్పుడు నీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పు. నేనూ మీ అమ్మా నీ మీద ఒత్తిడి పెట్టం, ఎవరినీ పెట్టనివ్వం. మజ్జ ఇచ్చిన ఆడపిల్లవని ఊళ్ళో ఎవరేమన్నా చెవిన పెట్టకు. నీ మజ్జ కొన్ని వారాల్లోనే మళ్ళీ నిండిపోయింది.

ఐరన్ మాత్రలు మానేశావని అమ్మ అంటోంది, మళ్ళీ మొదలుపెట్టు. రిపోర్టు రాగానే టీ కణాల అంకెతో సహా ఫోటో తీసి పంపుతాను. తమ్ముడు సాయంత్రాలు వీడియో కాల్ చేస్తానంటున్నాడు, ఎత్తు. వాడి ముందు శాతాల గొడవ తేకు, కాలేజీ సంగతులు చెప్పు.

మీ నాన్న