నాటు తుపాకీ గాయాలపై మన విశ్వవిద్యాలయాలు పరిశోధన చేయాలి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో గానీ, సరిహద్దుకు ఇవతల శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో గానీ నాటు తుపాకీ పేలి ఎవరైనా గాయపడితే, ఆ సంగతి పత్రికల్లో నేర వార్తగానే వస్తుంది. ఎవరి మీద కేసు పెట్టారు, తుపాకీకి లైసెన్సు ఉందా లేదా అన్నంతవరకు రాసి వదిలేస్తారు. గాయపడినవాడికి చూపు మిగిలిందా, ఆ చెయ్యి మళ్ళీ నాగలి పట్టగలదా, అసలు తుపాకీ ఎందుకు పేలింది, ఇంకొకరికి అలా జరగకుండా ఏం చేయవచ్చు అని ఎవరూ అడగరు. ఇవి అడిగి జవాబులు వెతకవలసిన బాధ్యత పోలీసుల కంటే ముందు మన విశ్వవిద్యాలయాలది, వైద్య కళాశాలలది అని విన్నవించడానికే ఈ లేఖ రాస్తున్నాను.

తుపాకీ గాయాన్ని ప్రజారోగ్య సమస్యగా చూడడం కొత్త ఆలోచన కాదు. ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ఇంట్లో హత్య జరిగే ప్రమాదం పెరుగుతుందని అమెరికాలో ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం 1993లోనే పరిశోధించి ప్రకటించింది. అది అక్కడ పెద్ద రాజకీయ దుమారం రేపింది. 1996లో అమెరికా చట్టసభ, వ్యాధి నియంత్రణ కేంద్రానికి ఇచ్చే నిధులను తుపాకుల నియంత్రణను సమర్థించడానికి వాడకూడదని డిక్కీ సవరణ పేరుతో ఒక షరతు పెట్టి, ఈ పరిశోధనలకు ఖర్చవుతున్న 26 లక్షల డాలర్లను బడ్జెట్ నుంచి తప్పించింది. పరిశోధన చేయవద్దని ఆ షరతులో ఎక్కడా లేదు. అయినా భయం కొద్దీ అధికారులు ఆ జోలికి పోలేదు, రెండు దశాబ్దాలకు పైగా ఆ సంస్థ నుంచి ఈ పనికి నిధులు దాదాపుగా అందలేదు. సవరణ ప్రతిపాదించిన జే డిక్కీయే, ఒకప్పుడు తనకు ప్రత్యర్థి అయిన మార్క్ రోజెన్‌బర్గ్ అనే వైద్యుడితో కలిసి, ఈ పరిశోధన జరిగి తీరాలని 2012లో రాశారు. 2019 చివర్లో 2.5 కోట్ల డాలర్లు మళ్ళీ మంజూరయ్యాయి. ఈలోగా కాలిఫోర్నియా రాష్ట్రం తన సొంత నిధులతో 2017లో డేవిస్ విశ్వవిద్యాలయంలో ఒక కేంద్రం నెలకొల్పగా, మిచిగన్ విశ్వవిద్యాలయం 2021లో తుపాకీ గాయాల నివారణకే ఒక సంస్థను ప్రారంభించింది. 2020 నాటికి అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ళ వయసు పిల్లల మరణాలకు మొదటి కారణం తుపాకీయేనని, రోడ్డు ప్రమాదాలు కూడా దాని తర్వాతేనని ఆ విశ్వవిద్యాలయపు పరిశోధకులే 2022లో వెల్లడించారు.

పరిశోధన వల్ల ఒరిగేదేమిటని అడిగేవారికి ఒక్క ఉదాహరణ చెబుతాను. ఫిలడెల్ఫియా నగరంలో చెత్తతో, పిచ్చిమొక్కలతో నిండిన 541 ఖాళీ స్థలాలను పరిశోధకులు ఎంచుకున్నారు. కొన్నిటిని శుభ్రం చేసి, గడ్డి, చెట్లు నాటించి, కొన్నిటిని ఉన్నవి ఉన్నట్టే వదిలేసి, రెండు రకాల చోట్లా జరిగే నేరాలను పోల్చి చూశారు. పేదలు ఉండే పేటల్లో, బాగుచేసిన స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గింది. అంత చేసీ వాళ్ళు ఒక్క తుపాకీని కూడా ముట్టుకోలేదు, ఎవరినీ అరెస్టు చేయలేదు. ఓపికగా కొలిచి చూసేవాళ్ళు లేకపోతే ఇలాంటి మార్గం ఒకటి ఉందని ఎవరికి తట్టేది?

మన సమస్య వేరు. ఇక్కడ ఉన్నవి గొట్టంలో మందు పోసి, పీచు కూరి, పైన సీసపు గుండ్లో ఇనుప రవ్వలో వేసి కమ్మీతో దట్టించే నాటు తుపాకులు. గొట్టం నాసిరకమైతే మందు ఎక్కువైనప్పుడు అది పేల్చినవాడి ముఖం మీదే పగులుతుంది. దట్టించిన తుపాకీని పేల్చకుండా చూరులో దోపితే, ఏ పిల్లవాడో ముట్టుకునే వరకు అది అలాగే ఉంటుంది. రాత్రిపూట పొలం కాపలాలో పొద కదిలితే అడవిపంది అనుకుని సాటి మనిషినే కాల్చడమూ ఉంది.

నేను కొండ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఒకసారి తెల్లవారుజామున ఒక యువకుణ్ణి దుప్పటిలో చుట్టి తెచ్చారు. వెదురు గుచ్చుకుందని అతని అన్న చెప్పాడు. బొటనవేలి మొదట్లో కండ లేచిపోయి ఉంది. గాయం అంచుల్లో చర్మం కమిలి, మణికట్టు దాకా మందు రేణువులు పచ్చబొట్టు చుక్కల్లా దిగి ఉన్నాయి. వెదురు గుచ్చుకుంటే అలా ఉండదని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా రిజిస్టరులో ‘చేతి గాయం’ అనే రాశారు. ఆ కుటుంబం భయపడిందంటే నేను తప్పు పట్టలేను. పంట కాపలా కోసం ఇలాంటి తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు 1959 నాటి ఆయుధ చట్టంలో ఉంది గానీ, కొండ మీది ఊరివాళ్ళకు ఆ లైసెన్సు తెచ్చుకోవడం అంత తేలిక కాదు. ఇక వేటకు వెళ్ళామంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డొస్తుంది. రెండు కేసుల భయంతో గాయాన్ని దాచుకుని, చీము పట్టాక వచ్చేవాళ్ళు చెయ్యి పోగొట్టుకుంటున్నారు.

దీనికి తోడు సరిహద్దు ఒకటి. పర్లాకిమిడి వైపు గాయపడినవాణ్ణి ఒకరు బరంపురం తీసుకెళితే, ఇంకొకరు దగ్గరని శ్రీకాకుళమో, మంచి వైద్యమని విశాఖపట్నమో తీసుకెళతారు. గాయం ఒక రాష్ట్రంలో, వైద్యం ఇంకో రాష్ట్రంలో. రెండు లెక్కలూ ఒకచోట కలిసేది ఎక్కడ?

పాముకాటు సంగతి గుర్తు చేసుకోండి. మన దేశంలో ఏటా దాదాపు 46,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని 2011లో ఒక అధ్యయనం తేల్చేదాకా, ఆసుపత్రుల లెక్కలు చూసి అందులో చిన్న భాగమే నిజమనుకున్నాం. పరిశోధకులు ఇంటింటికీ వెళ్ళి చావుకు కారణం అడిగితేనే అసలు సంఖ్య బయటపడింది. ఆ తర్వాతే 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలనే జాతీయ ప్రణాళిక 2024లో వచ్చింది. తుపాకీ గాయాల సంఖ్య అంత పెద్దది కాకపోవచ్చు, కానీ దాన్ని తెలుసుకునే పద్ధతి మాత్రం అదే.

తుపాకీ గాయాన్ని పోలీసులకు తెలియజేసే బాధ్యత నుంచి వైద్యులను తప్పించమని నేను కోరడం లేదు. పరిశోధకులు పేర్లు రాసుకోకుండా, ఊరు గుర్తుపట్టకుండా, భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల ప్రకారం, నైతిక సంఘం అనుమతితో వివరాలు సేకరించవచ్చు. చెప్పిన మాట పోలీసు స్టేషన్‌కు చేరదన్న నమ్మకం కుదిరితేనే జనం నిజం చెబుతారు.

బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల, బరంపురం విశ్వవిద్యాలయం, ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయం కలిసి ఈ పని చేపట్టాలి. ముందుగా రెండు వైపులా ఆసుపత్రుల్లో ఒకే నమూనా పత్రం ఉంచి, తుపాకీ ఏ రకం, ఎక్కడ ఎలా దాచారు, ఏ వేళ, ఏ పనిలో పేలింది, ఆసుపత్రికి చేరడానికి ఎంతసేపు పట్టింది అన్నవి నింపించాలి. పందుల బెడదకు సౌర కంచె వేసుకున్న ఊళ్ళలో, పంట నష్టానికి పరిహారం సకాలంలో అందిన ఊళ్ళలో గాయాలు తగ్గాయేమో పోల్చి చూడాలి. నా అంచనాలో అసలు కీలకం అక్కడే ఉంది, ఎందుకంటే పంట దక్కుతుందన్న ధీమా ఉన్న రైతు రాత్రంతా తుపాకీ పట్టుకుని మంచె మీద కూర్చోడు. మందును, తుపాకీని వేర్వేరు చోట్ల తాళం వేసి ఉంచమని చెబితే వింటారా, వింటే ఎవరు చెబితే వింటారన్నది కూడా పరీక్షించి తెలుసుకోదగ్గ విషయమే.

ఆ పత్రాలు ఒడియాలోనూ తెలుగులోనూ ఉంటే చాలదు. సవర, కువి మాటలు వచ్చిన ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వాళ్ళ చేతనే అడిగించాలి. ఇందుకు తగిన వేతనం కూడా పరిశోధన బడ్జెట్‌లోనే చూపాలని పై విశ్వవిద్యాలయాల ఉపకులపతులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఫార్మసిస్టు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా