తీరం కథనాల్లో ఆటుపోట్ల వేళలు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

‘ఒక్కరోజులో చూసి రాదగ్గ సముద్ర తీరాలు’ తరహా కథనాలు ఆదివారం అనుబంధాల్లో తరచూ వస్తున్నాయి. తెల్లవారుజామున బయల్దేరండి, పదింటికల్లా చేరుకోండి, సూర్యాస్తమయం చూసి తిరుగుముఖం పట్టండి అని అన్నింట్లోనూ ఒకటే వరస. దూరాలు సరిగ్గానే ఇస్తారు, ఫొటోలూ బాగుంటాయి. ఆ రోజు పదింటికి నీళ్లు ఎక్కడిదాకా ఉంటాయో మాత్రం ఒక్క ముక్క రాయరు. కొండకో కోటకో వేసినట్టు సముద్రానికి టైంటేబుల్ వేస్తే కుదరదు. ఫొటోలో కనిపించిన రాతి తోరణం, గుహ, ఇసుక దిబ్బ రోజులో కొన్ని గంటలే బయటపడతాయి. మిగతా వేళల్లో వెళ్లినవాళ్లు కట్ట మీద నిలబడి వెనక్కి రావాల్సిందే.

చాలా తీరాల్లో 24 గంటల 50 నిమిషాలకు రెండు పోట్లు (నీళ్లు బాగా పైకెక్కే వేళలు), రెండు ఆట్లు (బాగా కిందికి దిగే వేళలు). పోటు నుంచి ఆటుకు సుమారు 6 గంటల 12 నిమిషాలు పడుతుంది. అంటే ఆటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఏడు రోజులకు అది ఆరు గంటలకు దగ్గరగా వస్తుంది. ప్రయాణానికి రోజు ఎంచుకోవడంలో కీలకమంతా ఈ ఒక్క లెక్కలోనే ఉంది. ఈ ఆదివారం ఆటు ఉదయం 7 గంటలకు పడితే మధ్యాహ్నం ఒంటిగంటకు నిండు పోటు. అలాంటి రోజున రాళ్ల వెంట నడక పెట్టుకోవడం దండగ. కొండ మీంచి కనిపించే దృశ్యాలతో సరిపెట్టుకోవాలి, లేదా వారం వాయిదా వేయాలి. వచ్చే ఆదివారం అదే తీరంలో ఒంటిగంట ప్రాంతంలో ఆటు పడుతుంది.

తిథి తెలిసినవాళ్లకు ఇంకా తేలిక. పౌర్ణమికి, అమావాస్యకు ఒకటి రెండు రోజుల తర్వాత పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి దాటాక ఆ తేడా తగ్గుతుంది. కాబట్టి నేల ఎక్కువగా బయటపడేది పాడ్యమి, విదియల ప్రాంతంలో. నీళ్లు జోరుగా తిరిగొచ్చేదీ ఆ రోజుల్లోనే. ఇది అన్నిచోట్లా ఒకేలా ఉండదన్న మాట కూడా చెప్పాలి. కెనడాలోని ఫండీ అఖాతంలో పోటుకూ ఆటుకూ తేడా 16 మీటర్ల దాకా పోతుంది. మధ్యధరా తీరంలో చాలాచోట్ల ఆ తేడా కంటికి ఆనదు. కొన్ని తీరాల్లో రోజుకు ఒక్క పోటే వస్తుంది. ఆ ప్రాంతపు పట్టిక చూడకుండా ఊహతో బయల్దేరవద్దు.

పట్టిక చదవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. అందులో ఆటు 0.3 మీటర్లు అని ఉంటే మనం నడిచేచోట అంతే లోతని కాదు. నౌకాయాన పటాల కోసం నిర్ణయించిన ఒక ఆధార మట్టం నుంచి కొలిచిన ఎత్తది. వేళలు సాధారణంగా దగ్గర్లోని రేవుకు ఇస్తారు. అక్కడి నుంచి మనం వెళ్లే చోటికి కొన్ని నిమిషాలు మొదలు గంట, అంతకు మించి కూడా తేడా రావచ్చు. కొన్ని పట్టికలు స్థానిక సమయంలో కాక గ్రీనిచ్ సమయంలో ఉంటాయి. వాతావరణ పీడనం ఒక్కో హెక్టోపాస్కల్ తగ్గేకొద్దీ నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. గాలి ఒడ్డువైపు గట్టిగా కొడితే ఇంకా పెరుగుతుంది. అల్పపీడనం ఉన్న రోజున పట్టికను అచ్చంగా నమ్మకూడదు.

ఇక అసలు ప్రమాదం. ఆటు నుంచి నీళ్లు ఆరు గంటలూ ఒకే వేగంతో పెరగవు. మొత్తం తేడాను 12 భాగాలు చేస్తే గంటగంటకు సుమారు 1, 2, 3, 3, 2, 1 భాగాల చొప్పున పెరుగుతాయి. తేడా 2.4 మీటర్లు అనుకుందాం. మొదటి గంటలో పెరిగేది 20 సెంటీమీటర్లే. అది చూసి ఇంకా చాలా టైముందని నిబ్బరంగా ఉంటారు. మూడో గంటలో, నాలుగో గంటలో 60 చొప్పున పెరుగుతుంది. 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలిన ఇసుక మీద 60 సెంటీమీటర్లు అంటే 30 మీటర్ల నేల గంటలో మునిగినట్టు. పైగా నీళ్లు ఎదుటినుంచే రావు. వెనకున్న పల్లపు కాలువ ముందు నిండుతుంది, దిబ్బ మీద ఉన్నవాళ్లకు దారి తెగేది అక్కడే. కొండ మలుపు దాటి అవతలి ఇసుకకు పోవాలంటే ఆటుకు రెండు గంటల ముందు నడక మొదలుపెట్టి, ఆటు వేళకల్లా వెనక్కి తిరగాలి.

ఆ వేళ తెలిశాక మిగతా ప్లానంతా వెనక నుంచి లెక్క కట్టుకోవాలి. ఆటు 1.10కి అయితే 11.10కి నడక, 10.45కి వాహనం ఆపడం. దారి రెండున్నర గంటలు, మధ్యలో పావుగంట విరామం. అంటే 8 గంటలకు బయల్దేరాలి. పార్కింగ్ త్వరగా నిండే చోటైతే ఏడింటికే కదలాలి. పిల్లలుంటే మ్యాప్ చూపించే సమయానికి నాలుగో వంతు కలపండి. ఒకవైపు ప్రయాణం పగటి నిడివిలో నాలుగో వంతు దాటితే అది ఒక్కరోజు ప్రయాణం కాదు, రాత్రి అక్కడ ఉండి రావాల్సిందే. కొండల కింద ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాపు, పట్టిక ముందే దించుకోవాలి.

నడకకు ఆటు మంచిదే, స్నానానికి కాదు. లోపలికి లాక్కుపోయే రిప్ ప్రవాహాలు చాలా తీరాల్లో ఆటు వేళే ముదురుతాయి. ఎత్తు నుంచి చూస్తే అటూ ఇటూ తెల్లగా అలలు విరుగుతూ, మధ్యలో ఒక పట్టీ మాత్రం ముదురు రంగులో నిమ్మళంగా కనిపిస్తుంది, నురగ దాని మీదుగా సముద్రంవైపు పోతుంటుంది. అలలు లేవు కదా అని పిల్లల్ని దింపేది సరిగ్గా అక్కడే. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదవద్దు. తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది, అలలు విరిగేచోటి నుంచి బయటికి రావాలి. ఎరుపు, పసుపు రెండు రంగులూ ఉన్న జెండాల మధ్యే దిగాలి. అక్కడ రక్షకుల కాపలా ఉంటుంది.

వాతావరణ సూచనలో అల 1.5 మీటర్లు అంటే మొత్తం అలల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతు అలల సగటు ఎత్తది. మధ్యమధ్యలో దానికి రెట్టింపు అల కూడా వస్తుంది. రాళ్ల మీదికి దిగేముందు 20 నిమిషాలు పక్కన నిలబడి చూడండి. తుంపర పడకపోయినా రాయి తడిగా ఉందంటే ఇందాకే ఓ అల అక్కడికి వచ్చి పోయినట్టే. నల్లగా, పచ్చగా పాచి పట్టిన రాయి జారుతుంది. గరుకుగా, పొడిగా ఉన్న రాయి మీదే కాలు మోపాలి.

ఎండ సంగతి అందరూ రాస్తారు, కొలత మాత్రం చెప్పరు. పెద్దవాళ్లకు ఒంటినిండా ఒకసారి రాయడానికి సుమారు 35 మిల్లీలీటర్ల సన్‌స్క్రీన్ కావాలి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. వంద మిల్లీలీటర్ల సీసా ఇద్దరికి రెండో విడతకే చాలదు.

సూర్యాస్తమయం మీద మోజు కాస్త తగ్గిస్తే బాగుంటుంది. తీరం తూర్పు ముఖమైతే సూర్యుడు దిగేది వెనకున్న నేలవైపు. అలాంటి చోట్లకూ సూర్యాస్తమయం రాసిన కథనాలున్నాయి! పడమటి తీరాల్లో సూర్యుడు మునిగిన అరగంటలో బళ్లన్నీ ఒకే ఇరుకు రోడ్డు మీదికొస్తాయి. గంట ముందే కదిలి దారిలో ఎత్తైన చోట ఆగి చూడడం మేలు. చెయ్యి చాపి సూర్యుడికీ నీటి అంచుకూ మధ్య వేళ్లు అడ్డంగా పెడితే, ఒక్కో వేలు సుమారు పావుగంట. నాలుగు వేళ్లు పట్టినప్పుడే లేవాలి.

అందుకే మనవి. ప్రతి తీరం కథనం కింద చిన్న పెట్టెలో ఆటు వేళ, పోటు వేళ, రెంటి మట్టాలు, తీరం ఏ దిక్కుకు చూస్తుందో వేయండి. ఒక్క అంగుళం జాగా చాలు. ఆ వేళలు ఏ తేదీవో తప్పనిసరిగా రాయండి. కథనం కత్తిరించి దాచుకునేవాళ్లు మరో వారం అదే వేళకు బయల్దేరతారు. తేదీ పక్కన తిథి కూడా ఉంటే, మళ్లీ ఆ తిథికి ఆ తీరంలో ఆటు ఇంచుమించు అదే వేళకు వస్తుంది కాబట్టి కత్తిరించిన కాగితం తర్వాతా పనికొస్తుంది. మట్టాల తేడా నెలనెలా మారుతుంది గనక పట్టిక మాత్రం మళ్లీ చూసుకోమని ఓ వాక్యం చేర్చండి.

– ఒక పాఠకుడు